మసక వెలుగులో వీడియో చిత్రణ

పెద్దల మాటలను వీడియోలో భద్రపరచుకోవాలన్న అభిలాష నేడు అనేక కుటుంబాలలో కనిపిస్తున్నది. నానీల నోట, నాయనమ్మల నోట మిగిలిన దక్కనీ సామెతలు, పెండ్లిపాటలు, పాత ముచ్చట్లు వారితోనే అంతరించిపోగలవు. కాని వారు కూర్చునేది లోపలి గదిలో. అక్కడ వెలిగేది ఒక్క దీపం. అక్కడ కామ్‌కార్డరుతో చిత్రించినదానిని తెరపై చూస్తే ముఖం మసకబారి, నల్లని భాగాలలో ఇసుక చల్లినట్లు చుక్కలు కదలాడుతుంటాయి.

ఇది యంత్రలోపం కాదు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్సులు కాగా, రాత్రివేళ ఇంటిలోని వెలుగు 100 లక్సులకు అటూ ఇటూ మాత్రమే. ఈ వేయిరెట్ల తారతమ్యాన్ని మన కన్ను సర్దుకొంటుంది కనుక మనకు తోచదు. వెలుగు చాలనప్పుడు కామ్‌కార్డరు తనకందిన బలహీనమైన విద్యుత్సంకేతాన్ని పెంచుతుంది. దీనినే ‘గెయిన్’ అంటారు. 6 డెసిబెళ్ళు పెంచితే సంకేతం రెట్టింపు, 18 పెంచితే ఎనిమిది రెట్లు. దానితోపాటు అందులోని అలజడి కూడా పెరుగుతుంది; ఆ చుక్కలు అవే. చిత్రం కొంత చీకటిగా ఉన్నా సరే, గెయిన్‌కు 12 డెసిబెళ్ళ వద్ద హద్దు విధించడమే మేలని మేము భావిస్తాము.

అసలు చేయవలసినది ముఖంపై వెలుగును పెంచడం. రెండు మీటర్ల దూరాన ఉన్న బల్బును ఒక మీటరుకు జరిపితే నాలుగు రెట్ల వెలుగు పడుతుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు. శుక్లాలు వచ్చిన కండ్లకు అది బాధాకరమైతే, దీపాన్ని ప్రక్కనున్న తెల్లగోడ వైపు త్రిప్పాలి. దూరాన నిలిచి జూమ్ చేయడం తగదు. జూమ్ పెరిగినకొద్దీ అనేక కటకాలు లోనికి రానిచ్చే వెలుగు తగ్గిపోతుంది. రెండడుగులు ముందుకు వేయడమే ఉత్తమం. సెల్‌ఫోనుకూ ఇదే వర్తిస్తుంది.

షట్టరు వేగం సెకనులో 1/50 వంతు ఉండాలి. మన విద్యుత్తు 50 సైకిళ్ళది. ట్యూబులైటు సెకనుకు 100 మార్లు మినుకుతుంది. ఈ వేగంతో ఆ మినుకు చిత్రంలో కనబడదు.

కిటికీ వెలుగు, బల్బు వెలుగు కలిస్తే ముఖం ఒక ప్రక్క నీలంగా, మరొక ప్రక్క పసుపుగా వస్తుంది. ఒకదానినే ఎన్నుకొని, తెల్లకాగితం చూపి రంగు సరిచేసుకోవాలి. పగలైతే కిటికీయే శ్రేష్ఠం. పెద్దావిడను దానికి అభిముఖంగా కూర్చుండబెట్టి, మనం కిటికీకి వీపు పెట్టి, వెలుగుకు అడ్డుపడకుండా కాస్త ప్రక్కకు జరిగి చిత్రించాలి.