బరువు – బలం

చెరకు నరికే కాలంలో చోడవరం పరిసర గ్రామాల పొలాల్లో గడలను మోపులుగా కట్టి, తలకెత్తుకుని, గట్టు వెంబడి నడిచి బండికి చేర్చడం తరతరాలుగా సాగుతున్న పని. గోవాడ సహకార చక్కెర కర్మాగారానికీ, బెల్లం వండే గానుగలకూ చెరకు చేరింది ఆ తలల మీదుగానే. ఆ పని చేసేవారు వ్యాయామశాల గడప తొక్కినవారు కారు. అయినా ఎంత మోపు కట్టాలో వారికి తెలుసు. మరీ పెద్ద మోపు కడితే నడుము పట్టేస్తుంది. మరీ చిన్నది కడితే పొద్దుగూకేదాకా తిరిగినా పని తరగదు. ఒంటి కొవ్వు తగ్గించుకోదలచి బరువులెత్తే యువతీయువకులు మొదట తేల్చుకోవలసిన ప్రశ్న కూడా ఇదే: ఎంత బరువు, ఎన్ని మార్లు?

వ్యాయామశాలల్లో ఒక నమ్మకం చాలాకాలంగా చెలామణిలో ఉంది. తేలికైన బరువును ఎక్కువ మార్లు ఎత్తితే కొవ్వు కరుగుతుందనీ, భారమైన బరువును తక్కువ మార్లు ఎత్తితే కండ పెరుగుతుందనీ దాని సారాంశం. అందువల్లనే బక్కచిక్కాలనుకునే అమ్మాయిల చేతికి రెండు కిలోల డంబెల్ ఇచ్చి యాభై మార్లు ఊపమనడం పరిపాటి అయింది. ఈ నమ్మకాన్ని శాస్త్రం సమర్థించదు. కొవ్వు తగ్గడానికి మూలం ఆహారం ద్వారా వచ్చే శక్తికీ, శరీరం ఖర్చు చేసే శక్తికీ నడుమ ఏర్పడే లోటు. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కిలోకేలరీల శక్తి దాగి ఉంటుంది. డంబెల్‌ను మరో ముప్పై మార్లు ఊపినంత మాత్రాన అందులో తరిగేది అత్యల్పం. పొట్ట కండరాలకు పని చెబితే పొట్ట మీది కొవ్వే కరుగుతుందనడం కూడా ఇటువంటి భ్రమే.

మరి బరువులెత్తడం దేనికి? ఉన్న కండను కాపాడుకోవడానికి. తిండి తగ్గినప్పుడు శరీరం కొవ్వు నిల్వలనే గాక కండరాలను కూడా కొంత కరిగించుకుంటుంది. వ్యాయామం లేకుండా కేవలం తిండి తగ్గించినవారు కోల్పోయే బరువులో సుమారు నాలుగో వంతు కొవ్వు కానిది కావచ్చు. తూకం యంత్రానికి ఈ భేదం తెలియదు. కొవ్వు పోయినా, కండ పోయినా, నీరు పోయినా అది చూపేది ఒకే అంకె. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్ 50 కిలోల విభాగంలో తుదిపోరుకు చేరి, ఆ ఉదయపు తూకంలో సుమారు 100 గ్రాములు అధికంగా ఉన్నందున అనర్హురాలయ్యారు. రాత్రంతా ఆమె పోగొట్టుకోజూచినది ప్రధానంగా నీటినే. ఆ తరువాత నీరసించి చికిత్స పొందవలసి వచ్చింది. క్రీడాకారులకు తప్పనిసరైన ఆ మార్గం విద్యార్థులకు ఏ విధంగానూ అనుసరణీయం కాదు.

బరువు భారంగా ఉన్నప్పుడు “ఈ కండ అవసరం” అన్న వర్తమానం శరీరానికి అందుతుంది. ఈ విషయంలో పాత అభిప్రాయాన్ని తలకిందులు చేసిన వ్యక్తి అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలార్మ్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకు తేలిక బరువులతో లెక్కకు మించిన మార్లు వ్యాయామం చేయించేవారు. డెలార్మ్ బరువును పెంచి, మార్లను తగ్గించి చూసి, ఫలితాలను 1945లో ప్రచురించారు. 1948 నాటికి ఆ పద్ధతిని వాట్కిన్స్‌తో కలిసి మూడు సెట్లకు కుదించారు. సరిగ్గా పదిమార్లు మాత్రమే ఎత్తగల బరువును కనుగొని, మొదటి సెట్టులో అందులో సగం, రెండో సెట్టులో ముప్పావు, మూడో సెట్టులో పూర్తి బరువు, ఒక్కొక్కటి పదిమార్లు ఎత్తించడం ఆ పద్ధతి. నేటి వ్యాయామశాలల్లో వినిపించే “మూడు సెట్లు, పది మార్లు” అన్న మాటకు ప్రాచుర్యం వచ్చింది అక్కడినుంచే.

ఆ తరువాతి పరిశోధనలు మరికొంత సడలింపునిచ్చాయి. ఒక్కసారి మాత్రమే ఎత్తగల బరువులో 30 శాతంతో గానీ, 80 శాతంతో గానీ, అలసట అంచు దాకా శ్రమిస్తే కండరం పెరిగే తీరు దాదాపు సమానమని తేలింది. బలం మాత్రం భారమైన బరువులతోనే ఎక్కువగా పెరుగుతుంది. కనుక ఆరు మొదలు పన్నెండు మార్ల దాకా ఎత్తగలిగి, ఆపేసరికి ఇంకా ఒకటి రెండు మార్లు మాత్రమే సత్తువ మిగిలే బరువు చాలామందికి యోగ్యమైనది. ఇరవై మార్లు ఎత్తినా ముఖం చిట్లించనక్కరలేని బరువు వ్యాయామం కాదు, కాలక్షేపం.

తిండి తగ్గిన వారాల్లో ఒక పొరపాటు సాధారణంగా జరుగుతుంది. నీరసంగా ఉందని బరువును సగానికి దించి, మార్లను రెట్టింపు చేస్తారు. చేయవలసినది ఇందుకు విరుద్ధం. మూడు సెట్లను రెండు చేయవచ్చు, నడుమ విశ్రాంతిని మూడు నిమిషాలకు పెంచవచ్చు. బరువును మాత్రం వీలైనంత వరకు దించకూడదు. పది కిలోల డంబెల్‌ను పదిమార్లు ఎత్తగలిగే విద్యార్థి రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గి కూడా దాన్ని పదిమార్లూ ఎత్తగలిగితే, పోయినది చాలావరకు కొవ్వేనని ఊహించవచ్చు. అది ఏడు మార్లకే చేజారుతుంటే అనుమానించవలసింది పళ్లెంలోని అన్నాన్ని, నిద్రను.

బరువు ఎంపిక ఎంత సున్నితమైనదో ఉత్తరాంధ్రలో పుట్టిన కథే చెబుతుంది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి, 240 కిలోలతో కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమె. చైనా, హంగరీ క్రీడాకారిణుల మొత్తాలు చెరి 242.5 కిలోలు. ఆఖరి ప్రయత్నానికి ఆమె 137.5 కిలోలు ఎంచుకున్నారు. అది నిలిచి ఉంటే స్వర్ణం. నిలవలేదు. జీవితంలో ఒక్కసారి వచ్చే వేదికపై అటువంటి సాహసానికి అర్థముంది. వారానికి రెండు మూడు రోజులు సాధన చేసే విద్యార్థికి అది కొలమానం కాదు. ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువును పర్యవేక్షణ లేకుండా పరీక్షించుకోవడం ఎదిగే వయసువారికి తగదు. చక్కని పర్యవేక్షణలో బరువులెత్తితే ఎదుగుదల ఆగిపోతుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు.

ఆహారం సంగతి కొంత. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులను సిఫారసు చేసింది. బరువు తగ్గుతూ సాధన చేసే పెద్దలకు 1.2 నుంచి 1.6 గ్రాములు మేలని పరిశోధకుల అభిప్రాయం. అంటే 60 కిలోల వ్యక్తికి 72 నుంచి 96 గ్రాములు. ఒక కోడిగుడ్డులో సుమారు ఆరు గ్రాములే ఉంటాయి గనుక పప్పు, పెరుగు, సెనగలు, చేపలు అన్నీ కలిసిరావాలి. బెల్లం నాడు ఇది కష్టమే. 100 గ్రాముల బెల్లంలో 350 కిలోకేలరీలకు పైగా ఉంటాయి, మాంసకృత్తులు లేనట్టే. పద్దెనిమిదేళ్లు నిండనివారు కఠిన పథ్యాన్ని వైద్యుని సలహా లేకుండా ఆరంభించరాదు.

వ్యాయామశాల అందుబాటులో లేని ఊళ్లలో పుస్తకాల సంచిలో ఇసుక నింపుకొని బస్కీలు తీయవచ్చు. ఐదు కిలోలతో మొదలుపెట్టి, పన్నెండు మార్లు సునాయాసమైన నాడు మరో కిలో కలిపితే తిరిగి ఎనిమిది, తొమ్మిది మార్ల దగ్గర కాళ్లు మొరాయిస్తాయి. మళ్లీ పన్నెండుకు చేరేదాకా ఆ సంచి అలాగే ఉంటుంది. చేరిన తరువాత మరో కిలో.