కడలినీట కరగిన కర్బనము వేలయేండ్లు ఏల నిలుచును?
తేటగా కనుపించు సముద్రజలములో, నశించిన సూక్ష్మజీవుల దేహములనుండి వెలువడిన సేంద్రియ కర్బనము కంటికగపడక కరగియున్నది. నడికడలి ఉపరితలమున లీటరు నీటికి ఇది ఇంచుమించు ఒక మిల్లీగ్రాము, అగాధమున అందులో సగము మాత్రమే. అయినను మహాసముద్రములన్నిటిలోని మొత్తము, వాతావరణమందలి బొగ్గుపులుసు వాయువులోనున్న కర్బనమునకు దాదాపు సమానమగుట ఎంత యాశ్చర్యము!

దీని వయస్సు నెట్లు కనుగొందురు? నీటిని సన్నని గాజుపీచు వడపోతబిళ్లలో వడగట్టి, ఆమ్లము చేర్చి, వాయువును బుడగలుగా పోనిచ్చి, నిరింద్రియ కర్బనమును ముందుగా వెడలగొట్టుదురు. పిమ్మట అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేయగా, మిగిలిన సేంద్రియ కర్బనము బొగ్గుపులుసు వాయువుగా మారును. అందలి రేడియోధార్మిక కర్బనము-14 ఎంత క్షీణించినదో కొలిచినచో వయస్సు తేలును. 1987లో పీటర్ విలియమ్స్, ఎలెన్ డ్రఫెల్ అను శాస్త్రజ్ఞులు ఉత్తర పసిఫిక్ మధ్యభాగపు లోతునీటిలోని కర్బనపు సగటు వయస్సు సుమారు 6000 సంవత్సరములని ప్రకటించిరి. మహాసముద్రజలము అడుగునకు దిగి మరల పైకి వచ్చుటకు వేయేండ్ల కాలము పట్టుననుకొన్నను, ఈ కర్బనము అట్టి ప్రదక్షిణములు పెక్కు చేసినదన్నమాట.

మరి ఆకలిగొన్న బాక్టీరియాలు దీనినేల విడిచినవి? అణువుల నిర్మాణమే జీర్ణింపరానిదని కొందరందురు. ఊరంతట ఒక్కొక్క గింజ చల్లిన ధాన్యమువలె, వేలరకముల అణువులు ఒక్కొక్కటి అత్యల్పముగా నుండుటచే, ఏరుకొను శ్రమకు తగిన ఫలము దక్కదని మరికొందరందురు. రెండును కొంతకొంత నిజమై యుండునని నా తలంపు.