బాలల ధైర్యము

రామగుండము బొగ్గు ప్రాంతమునందు జనులు గనిని 'బాయి' అందురు. తండ్రి రాత్రి షిఫ్టునకు బాయిలో దిగిన ఇంట, ఆయన తెల్లవారి తిరిగి వచ్చువరకు పిల్లలకు బెంగ కలుగుట సహజము. ఆ బెంగ నిష్కారణమైనది కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించిరి. ఇట్టి ఇంటినుండి వచ్చిన బాలుడు బడిలో బిక్కమొగముతో కూర్చుండినచో, వానిని పిరికివాడనుట తగదు.

భయము దోషము కాదు. శరీరరక్షణకై ఏర్పడిన సాధనము. అపాయము తోచగానే మెదడు ప్రేరణచే, మూత్రపిండముల పైనుండు అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అను రసమును నెత్తురులోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును. కాలేయము చక్కెరను విడుదల చేయును. కండరములకు బలము చేకూరును. అరచేతులు చెమర్చును. అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి మార్పులను వివరించెను. ధైర్యవంతునికిని ఇవి కలుగును. కావున ధైర్యమనగా భయము లేకుండుట కాదు. భయమున్నను చేయవలసిన పనిని చేయగలుగుట.

ఈ గుణమును నేర్వవచ్చును. కుందేలును చూచి జడియు పీటర్ అను చిన్న బాలుని గూర్చి మేరీ కవర్ జోన్స్ 1924లో ప్రకటించెను. భయపడని పిల్లల నడుమ వానిని ఆడుకొననిచ్చిరి. ఇష్టమైన తిండి పెట్టుచు కుందేలును క్రమక్రమముగా దగ్గరకు తెచ్చిరి. తుదకు వాడు దానిని చేతితో నిమిరెను. 1967లో ఆల్బర్ట్ బాండురా, ఆయన సహచరులు కుక్కలకు భయపడు 3–5 ఏండ్ల పిల్లలను పరిశీలించిరి. తమ యీడు బాలుడొకడు కుక్కతో ఆడుకొనుటను వారికి నాలుగు దినములలో ఎనిమిది మారులు చూపిరి. పిమ్మట వారిలో పెక్కుమంది కుక్కను సమీపింపగలిగిరి. ఉపన్యాసము చేయలేని పనిని తోటివాని తోడు చేసెను.

పెద్దలకును మార్గమిదియే. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమముల ప్రకారము క్రొత్త కార్మికుడు మొదట శిక్షణ పొందవలెను. చీకటిలో మెలగుట ఒక్కనాట అలవడునది కాదు.

గనులతోపాటు పెరిగిన గోదావరిఖనికి వేర్వేరు ఊళ్ళనుండి కుటుంబములు వచ్చి చేరినవి. యాస వేరైన బాలుడు తరగతిలో ఒంటరివాడగుట కలదు. ఉపాధ్యాయుడు వానిని నల్లబల్ల యొద్దకు మొదట ఒక స్నేహితునితో కలిపి పిలువవచ్చును. కొన్నాళ్ళకు ఒంటరిగా పిలువవచ్చును. తడబడినపుడు తక్కినవారు నవ్వకుండ చూడవలెను. ఏ బిడ్డ తండ్రి ఏ షిఫ్టులో నున్నాడో ఎరిగియుండుటయు మేలు. తనవారున్నారను నమ్మకము కలిగిన బిడ్డయే తెగించి ముందుకు అడుగు వేయును.