కదలని సైకిలు

ఐరోపా ఖండమునందలి బెల్జియము దేశమున సైకిలు పందెములకు గొప్ప ఆదరణ కలదు. ఆ దేశమున ఫ్లాండర్సు అను ప్రాంతమున ఏటేట వసంతకాలమున ఒక పెద్ద పందెము జరుగును. దారి పొడవున వేలకొలది ప్రజలు నిలిచి దానిని చూతురు. 2020వ సంవత్సరమున కోవిడు వ్యాధి వ్యాపించుటచే వసంతమున ఆ పందెమును జరుపుటకు వీలు లేకపోయెను. అప్పుడు ఒక క్రొత్త ఉపాయము పన్నబడెను. ఏప్రిల్ 5వ తేదీన 13 మంది వీరులు ఎవరి ఇంట వారు కదలకుండ బిగించిన సైకిళ్లను తొక్కుచు, పందెపు దారిలోని కడపటి 32 కిలోమీటర్లకు పోటీపడిరి. దారిలో మెట్ట వచ్చినపుడు యంత్రము పెడళ్లను బరువు చేసెను; పల్లము వచ్చినపుడు తేలిక చేసెను. బెల్జియము వీరుడైన గ్రెగ్ వాన్ ఆవెర్‌మాట్ గెలుపొందెను. తన యిల్లు కదలకయే అతడు పందెము గెలిచెను.

సైకిలును ఇట్లు నిలిపి యుంచు సాధనమును ట్రైనరు అందురు. ఇది ఒక ఇనుప చట్రము. వెనుక చక్రమును దీనియందు బిగింతురు. కొన్నింటిలో వెనుక చక్రమును తీసివేసి, గొలుసును నేరుగా యంత్రమునకు తగిలింతురు. ఎంత వేగముగా తొక్కినను సైకిలు అంగుళమైనను ముందునకు జరుగదు. వాన కురియుచున్నను, ప్రొద్దు గ్రుంకినను, వీధులలో బండ్ల రద్దీ హెచ్చుగా నున్నను, ఇంటనే వ్యాయామము చేసికొనవచ్చును.

అయితే దీనిని తొలిసారి ఎక్కినవారికి ఒక వింత అనుభవము కలుగును. బాటపై గంటసేపు హాయిగా తొక్కగలవారు సైతము గదిలో పావుగంట గడచునప్పటికే చెమటతో తడిసి ముద్దయగుదురు. చెమట బొట్లు బొట్లుగా రాలి నేలపై మడుగు కట్టును. ముఖము ఎఱ్ఱబారును, గుండె వేగముగా కొట్టుకొనును. గదిలో మెట్ట లేదు, గతుకులు లేవు, ఎదురుగాలి లేదు. అయినను శ్రమ హెచ్చినట్లు తోచును. దీనికి కారణమేమి?

కారణము తెలియవలెనన్న మన శరీరము పనిచేయు తీరు తెలియవలెను. పూర్వపు రైలు ఇంజను బొగ్గును మండించి పని చేసినట్లు, మన కండరములు ఆహారమునుండి శక్తిని తీసికొని పని చేయును. ఏ ఇంజనును తనలోని ఇంధనశక్తి నంతటిని పనిగా మార్చలేదు. కొంత వేడియై పోవును. మానవ శరీరమును అంతే. సైకిలు తొక్కునపుడు శరీరము వెచ్చించు శక్తిలో సుమారు నాలుగవ వంతో, అయిదవ వంతో మాత్రమే పెడళ్లకు చేరును. తక్కినదంతయు వేడిగా మారును.

ఈ సంగతి ఊహించి చెప్పినది కాదు, కొలిచి తెలిసికొన్నది. అమెరికా దేశమున మిడిల్‌టౌన్ అను పట్టణమున వెస్లియన్ విశ్వవిద్యాలయము కలదు. అందు విల్బర్ అట్‌వాటర్ అను శాస్త్రజ్ఞుడు పందొమ్మిదవ శతాబ్దము చివర తన సహచరులతో కలసి ఒక విచిత్రమైన గదిని నిర్మించెను. దాని పొడవు 7 అడుగులు, వెడల్పు 4 అడుగులు. లోని వేడి గోడలగుండ బయటికి పోకుండునట్లును, బయటి వేడి లోనికి రాకుండునట్లును దానిని కట్టిరి. లోపల గొట్టములగుండ చన్నీరు పారుచుండెను. అందు ఒక మనిషి కొన్ని దినములు నివసించి, తినుచు, నిద్రించుచు, కదలని సైకిలును తొక్కుచుండెడివాడు. గొట్టములలోని నీరు ఎంత వేడెక్కెనో కొలిచి, ఆ మనిషి దేహమునుండి ఎంత వేడి వెలువడెనో లెక్క కట్టెడివారు. అతడు తిన్న ఆహారముననున్న శక్తియు, అతని పనియు వేడియు కలసిన మొత్తమును దాదాపు సరిపోయెను. కదలని సైకిలు వ్యాయామసాధనముగా ప్రసిద్ధి కెక్కుటకు మునుపే శరీరపు వేడిని కొలుచుటకు ఇట్లు ఉపయోగపడెను.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూతము. ఒకరు పెడళ్లపై 150 వాట్ల శక్తి చూపుచు తొక్కుచున్నారనుకొందము. అది నాలుగవ వంతైనచో, మిగిలిన మూడు వంతులు, అనగా 450 వాట్లు, శరీరముననే వేడియగును. 60 వాట్ల పాత తీగబల్బులు ఏడెనిమిది ఒక్కమారు వెలిగించిన ఎంత వేడి పుట్టునో అంత వేడి అది. ఆ వేడి ఒక గంటకు సుమారు 390 కిలోకెలోరీలు. 60 కిలోగ్రాముల బరువుగల దేహము ఒక డిగ్రీ వేడెక్కుటకు సుమారు 50 కిలోకెలోరీలు చాలును. కావున ఈ వేడి వెలుపలికి పోవు మార్గమే లేకున్నచో ప్రతి 8 నిమిషములకు దేహపు ఉష్ణోగ్రత ఒక్కొక్క డిగ్రీ పెరుగును. సహజముగా 37 డిగ్రీల వద్ద నుండవలసిన శరీరము అరగంట గడవకముందే 40 డిగ్రీలకు చేరును. అది ప్రాణాపాయమునకు తావిచ్చు స్థితి.

అట్లు కాకుండ శరీరమును కాపాడునది ఏది? చర్మము క్రింది రక్తనాళములు వ్యాకోచించి, లోపలి వేడిని రక్తము ద్వారా చర్మమునకు చేర్చును. చర్మమునుండి కొంత వేడి చల్లని గాలికి పోవును. కొంత కిరణరూపమున చుట్టునున్న వస్తువులకు పోవును. కాని వాతావరణము వేడిగా నున్నపుడు ఈ మార్గములు చాలవు. అప్పుడు చెమటయే ప్రధానాధారము. ఒక గ్రాము నీటిని మంచు కరగు స్థితినుండి మరగు స్థితికి తెచ్చుటకు 100 కెలోరీలు కావలెను. కాని చర్మముపై ఒక గ్రాము చెమట ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీలు కావలెను. ఈ వేడిని అది చర్మమునుండియే గ్రహించును. పై లెక్కలోని వేడినంతటిని తొలగించుటకు గంటకు లీటరులో మూడింట రెండు వంతుల చెమట ఆవిరియైన చాలును.

ఇచ్చట ఒక మాట జాగ్రత్తగా గమనింపవలెను. చల్లబరచునది చెమట పట్టుట కాదు, చెమట ఆరుట. నేలపై రాలిన చెమట దేహపు నీటిని తీసికొనిపోవును గాని, వేడిని తగినంతగా తీసికొనిపోదు. వేసవిలో మట్టికుండలోని నీరు చల్లబడుటకు కారణము ఇదియే. కుండ గోడలలోని సన్నని రంధ్రములగుండ నీరు ఊరి, పైన గాలి తగిలి ఆవిరియగును. వట్టివేళ్ల తడకలపై నీరు చల్లుటయు ఇందులకే. గాలి తగులని మూల నుంచిన కుండలో నీరు అంతగా చల్లబడదు.

చెమట ఆరనిచో ఏమగునో తెలుపు ప్రయోగము ఒకటి చాల కాలము క్రిందటనే జరిగెను. 1774లో లండను నగరమున జార్జి ఫోర్డైస్ అను వైద్యుడు కొన్ని గదులను మిక్కిలి వేడిగా కాచి ఉంచెను. చార్లెసు బ్లాగ్డెను మొదలగువారు ఆ గదులలో ప్రవేశించిరి. ఒకప్పుడు అందలి వేడి నీరు మరగు వేడిమిని మించి సుమారు 127 డిగ్రీలకు చేరెను. అచ్చట నుంచిన కోడిగ్రుడ్లు గట్టిపడెను, మాంసము వేగెను. కాని లోనికి వెళ్లినవారు కొన్ని నిమిషములు నిలిచి క్షేమముగా వెలుపలికి వచ్చిరి. గదిలోని గాలి పొడిగా నుండుటచే వారి చెమట వెంటవెంటనే ఆరి, వారిని కాపాడెను. ఆ గదిలోనే రెండు పాత్రలలో నీరుంచిరి. ఒక దానిలో కొంత మైనము వేసిరి. అది కరగి నీటిపై పొరగా పరచుకొనెను. మూత లేని నీరు ఆవిరియగుచు, ఎంతసేపటికిని మరగలేదు. పిదప దానిపైనను కొంచెము నూనె వేసిరి. ఆవిరి పోవు దారి మూసికొనిపోగా రెండు పాత్రలలోని నీరును తుదకు తెర్లి మరగెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము దొరకును. బాటపై గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవువారికి అంతే వేగముగల గాలి ఎదురుగా తగులుచుండును. అది చర్మమును అంటియున్న వేడి గాలిని, తేమను తుడిచివేసి, పొడి గాలిని తెచ్చును. చెమట పుట్టినదే తడవుగా ఆరిపోవును. తనకు చెమట పట్టినట్లే తొక్కువారికి తెలియదు. గదిలోని సైకిలు కదలదు కావున గాలియు కదలదు. దేహము చుట్టు తేమతో నిండిన గాలి ఒక పొరవలె నిలుచును. ఆ పొర నీటిపై తేలిన నూనెవంటిది. చెమట ఆరదు. దేహము ఇంకను చెమటను పుట్టించును. అదియు వృథాగా రాలిపోవును. గుండె ఒక ప్రక్క కండరములకును, ఒక ప్రక్క చర్మమునకును రక్తమును పంపవలసి వచ్చి అలసిపోవును. గదిలో శ్రమ హెచ్చినట్లు తోచుటకు కారణము ఇదియే.

ఈ నియమమును లెక్కచేయక కొందరు ప్రాణములు కోల్పోయిరి. అమెరికాలో 1997వ సంవత్సరము నవంబరు, డిసెంబరు నెలలలో ముగ్గురు కళాశాల విద్యార్థులు మరణించిరి. వారు కుస్తీ క్రీడాకారులు. పోటీకి ముందు బరువు తగ్గుటకై, ఆవిరిని బయటికి పోనీయని దుస్తులను తొడిగికొని, వేడి గదులలో కఠినముగా వ్యాయామము చేసిరి. వారిలో కదలని సైకిలు తొక్కినవారును కలరు. చెమట ధారలు కట్టినది. కాని ఆరుటకు దారి లేకపోయినది. వారు కోల్పోయినది క్రొవ్వు కాదు, నీరు. ఆ దేశపు కళాశాలల క్రీడాసంఘము 1998లో అట్టి దుస్తులను నిషేధించెను. చెమట ఎంత పట్టిన అంత మేలు అనుకొనుట ఎంతటి పొరపాటో ఈ సంఘటన తెలుపును.

కావున గదిలో తొక్కువారు మొట్టమొదట గాలిని ఏర్పాటు చేసికొనవలెను. కిటికీలు, తలుపులు తెరచి యుంచవలెను. లేనిచో ఆరిన చెమట గదిలోనే నిలిచి గాలిని తేమతో నింపును. మూసిన గదిలో పంకా ఆ తేమగాలినే త్రిప్పుచుండును. పైకప్పున వ్రేలాడు పంకా చాలదు. సైకిలుపై ముందునకు వంగి కూర్చున్నవారికి దాని గాలి వీపునకు మాత్రమే తగులును. బల్లపంకాను గాని, నిలువు పంకాను గాని ఎదురుగా నుంచి, ముఖమునకు, ఱొమ్మునకు గాలి తగులునట్లు చేయవలెను. పలుచని వదులు దుస్తులు ధరింపవలెను. వేసవిలో తెల్లవారుజామున తొక్కుట మేలు. మధ్యమధ్య కొంచెము కొంచెముగా నీరు త్రాగవలెను. వ్యాయామమునకు ముందును, తరువాతను బరువు చూచుకొన్నచో ఎంత నీరు పోయినదో తెలియును. ఒక కిలోగ్రాము తగ్గిన, సుమారు ఒక లీటరు చెమట పోయినదన్నమాట.

ఊరిని బట్టియు జాగ్రత్త మారవలెను. విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరపట్టణములలో గాలియందు తేమ హెచ్చు. అచ్చట వేడి కొంత తక్కువగా నున్నను ఉక్కపోత బాధించును, చెమట ఆరదు. కావున పంకా బలముగా వీచుటయే కాక, తొక్కు వేగమును తగ్గించుకొనుట అవసరము. రామగుండము, అనంతపురము వంటి చోట్ల వేసవిగాలి పొడిగా నుండును. చెమట త్వరగా ఆరును. కాని అచ్చట మరియొక చిక్కు కలదు. గాలి దేహముకంటె మిక్కిలి వేడెక్కి 40 డిగ్రీలు దాటినపుడు పంకా మేలునకు బదులు కీడు చేయవచ్చును. లండను ప్రయోగములో మాంసముపై కొలిమితిత్తులతో వేడిగాలి ఊదగా అది మరింత త్వరగా వేగెను. అట్టి మధ్యాహ్నములందు వ్యాయామము మానుటయే వివేకము.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను తలనొప్పి, కన్నులు తిరుగుట, వికారము కలిగినచో వెంటనే సైకిలు దిగవలెను. పట్టుదలతో తొక్కుట శౌర్యము కాదు. మాట తడబడినను, తెలివి తప్పుచున్నను అది వడదెబ్బ లక్షణము. అట్టివారిని చల్లని చోటికి చేర్చి, దేహమంతయు నీటితో తడిపి, విసరుచు, ఆలస్యము చేయక వైద్యుని కడకు గొనిపోవలెను. తడుపుట, విసరుట అను ఈ రెండును చెమటయు గాలియు చేయు పనినే చేయును.

విసనకఱ్ఱతో విసరుకొను వృద్ధురాలికి ఈ శాస్త్రము పేర్లు తెలియకపోవచ్చును. కాని పని తెలియును. బాటపై పోవు సైకిలునకు గాలి తానై ఎదురువచ్చును. కదలని సైకిలు తొక్కువారు మాత్రము పెడలుపై కాలు మోపుటకు ముందే కిటికీ తెరచి, గాలిని పిలిచి తెచ్చుకొనవలెను.