గ్రూప్ రైడ్‌లో చివరి బండికే ఎందుకంత తొందర? మేడ్చల్–శామీర్‌పేట ఊరి రోడ్ల మీద అసలు లెక్క

ఆదివారం పొద్దున 6 గంటలకు సుచిత్ర చౌరస్తాలో నిలబడి చూడండి. నాలుగు బండ్లు, ఐదు బండ్లు కలిసి కొంపల్లి మీదుగా మేడ్చల్ వైపు పోతూనే ఉంటాయి. మేడ్చల్ దాకా 44వ నంబర్ జాతీయ రహదారి. అక్కడి నుంచి కుడికి తిరిగి ఊర్ల మధ్య నుంచి శామీర్‌పేట. చెరువు దగ్గర ఫొటోలు, టీ. తర్వాత రాజీవ్ రహదారి ఎక్కి తూంకుంట, హకీంపేట, అల్వాల్ మీదుగా ఇంటికి. మా గ్యాంగ్‌ది కూడా ఇదే రూట్. ఐదు బండ్లు, ఆరుగురం.

ఓఆర్ఆర్ ఉంది కదా అన్నా, మేడ్చల్‌లోనూ శామీర్‌పేటలోనూ ఎగ్జిట్లు ఉన్నాయి కదా అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. 158 కిలోమీటర్ల ఆ రింగు రోడ్డు మీద టూవీలర్లకు పర్మిషన్ లేదు తమ్మీ. మనకు మిగిలేవి సర్వీస్ రోడ్లు, ఊరి రోడ్లే. నిజం చెప్పాలంటే మజా కూడా అక్కడే ఉంది. గేదెలు, కుక్కలు, ట్రాక్టర్లు, పెయింట్ వేయని స్పీడ్ బ్రేకర్లు కూడా అక్కడే ఉన్నాయనుకోండి.

ఇవాళ ఒక్కటే విషయం చెప్తాను. గ్రూప్‌లో ఎక్కువ రిస్క్‌లో ఉండేది ముందు పోయేవాడు కాదు, చివరి బండి. చాలా గ్రూపులు ఏం చేస్తాయి? బండి కొత్తగా నేర్చుకున్నవాణ్ని, 100 సీసీ బండి ఉన్నవాణ్ని "నువ్వు మెల్లగా వెనక రా రా" అని వెనక్కి పంపిస్తాయి. సరిగ్గా అక్కడే వాడు మెల్లగా రాలేడు. ఎందుకో లెక్కేసి చూద్దాం.

ఐదు బండ్లు ఉన్నాయి, ఒక్కో బండి మధ్య 2 సెకన్ల గ్యాప్ అనుకోండి. అంటే మొదటి బండికి, చివరి బండికి 8 సెకన్లు తేడా. ఊళ్లో స్పీడ్ బ్రేకర్ దగ్గర అందరూ 20లో ఉన్నారు. 20 స్పీడ్‌లో 8 సెకన్లంటే దాదాపు 45 మీటర్లు. ముందువాడు కళ్లముందే కనిపిస్తుంటాడు. ఊరు దాటాక అందరూ 60కి వచ్చారు. అదే 8 సెకన్లు ఇప్పుడు 133 మీటర్లు అవుతుంది. టైమ్ ఏం మారలేదు, కానీ వెనకవాడి కంటికి ఎలా ఉంటుంది? "అరే, నన్ను వదిలేసి పోతున్నారు" అనిపిస్తుంది. చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ తిప్పుతుంది.

ఇది ఉత్త భ్రమ. నిజంగా వెనకపడటం కూడా ఉంటుంది. గడ్డి ట్రాలీ అడ్డం వచ్చింది, నలుగురు దాటేశారు, ఐదోవాడికి ఎదురుగా ఆటో వచ్చింది. అర నిమిషం ఆగిపోయాడు. ముందువాళ్లు 60లో పోతుంటే అర నిమిషం అంటే అర కిలోమీటరు. వాడు 80 కొట్టి అందుకోవాలనుకుంటే గంటకు 20 కిలోమీటర్ల తేడాతోనే ఆ గ్యాప్ తగ్గుతుంది. నిమిషంన్నర పడుతుంది. ఆ నిమిషంన్నరలో వాడు 80 మీద పోయే దూరం 2 కిలోమీటర్లు! అర నిమిషం లేటుకు, ఊరి రోడ్డు మీద, మలుపుల్లో, 2 కిలోమీటర్లు 80లో పోవాలి.

80 అంటే ఏంటో కూడా చూడండి. పొడి తారు రోడ్డు మీద, మంచి టైర్లతో, కుక్క కనిపించాక బ్రేక్ మీద చెయ్యి పడటానికి ఒక సెకను తీసేస్తే, 60లో ఉన్న బండి ఆగడానికి సుమారు 40 మీటర్లు కావాలి. 80లో 64 మీటర్లు. స్పీడ్ పెరిగింది 20, దూరం పెరిగింది 24 మీటర్లు. నాలుగు కార్లు ఒకదాని వెనక ఒకటి పెట్టినా ఇంకా జాగా మిగులుతుంది.

ఇదంతా పొడి రోడ్డు లెక్క. మన దగ్గర కోతల సీజన్‌లో రోడ్డు మీద వడ్లు ఉంటాయి. యాసంగి పంటకు ఏప్రిల్, మే నెలల్లో, వానాకాలం పంటకు దసరా దాటిన దగ్గర్నుంచి. సగం రోడ్డు వడ్లు, అంచున వరుసగా రాళ్లు. రాత్రి అయితే పైన టార్పాలిన్ కవర్, దాని మీద మళ్లీ రాళ్లు. హెడ్‌లైట్‌లో నల్ల కవర్, నల్ల రోడ్డు ఒకటిగానే కనిపిస్తాయి. రైతును తిట్టి లాభం లేదు. తేమ ఎక్కువుంటే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, ఆరబోయడానికి ఆయనకు కల్లం లేదు.

పోయిన యాసంగిలో మాతో వచ్చిన ఒక తమ్ముడు ఇలాగే చివర్లో ఉన్నాడు. ట్రాక్టర్ వెనక ఇరుక్కుని, మమ్మల్ని అందుకోవాలని స్పీడ్ పెంచాడు. మలుపు తిరగ్గానే వడ్లు. ఫ్రంట్ బ్రేక్ పట్టాడు, టైరు కింద గింజలు గోలీల్లా దొర్లాయి. కాలర్ బోన్ విరిగింది. నేను మూడో బండి మీద ఉన్నా, పడిన చప్పుడు కూడా వినపడలేదు.

"అన్నా, ఏబీఎస్ ఉంటే పడేవాడు కాదు కదా?" 125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరే. కానీ అది చక్రం లాక్ కాకుండా చూస్తుంది, రోడ్డు మీద లేని పట్టును తేలేదు. గింజల మీద, కంకర మీద ఆగే దూరం ఇంకా పెరుగుతుంది కూడా. పైగా చాలా బండ్లకు ముందు చక్రానికే ఉంటుంది.

మరి ఏం చేయాలి? మేం మూడు మార్చాం. కొత్తవాడు ఇప్పుడు రెండో బండి, లీడర్ వెనకే. వాడి స్పీడే గ్రూప్ స్పీడ్. అందరికంటే అనుభవం ఉన్నవాడు చివర. ఇంక రెండోది, ఊరు దాటాక లీడర్ వెంటనే 60కి పోడు, చివరి హెడ్‌లైట్ అద్దంలో కనిపించే దాకా 40లోనే ఉంటాడు. ఇందాకటి లెక్కే తీసుకోండి: ముందు 40, వెనక 60, తేడా మళ్లీ 20. అర కిలోమీటరు గ్యాప్ అదే నిమిషంన్నరలో తగ్గిపోతుంది, 80 ఎవ్వరూ కొట్టక్కర్లేదు.

మూడోది నాకు బాగా నచ్చింది. మలుపు వచ్చిందంటే లీడర్ చెయ్యి చూపిస్తాడు, రెండో బండివాడు అక్కడ రోడ్డు దిగి సేఫ్‌గా ఆగుతాడు. అందరికీ దారి చూపించి, చివరి బండి రాగానే దాని ముందు దూరతాడు. తర్వాతి మలుపుకు ఇంకొకడు. కొత్తవాడి వంతు వచ్చినా భయం లేదు, చివరి పెద్దమనిషి వచ్చే దాకా అక్కడే ఉంటే చాలు. దారి తప్పుతానన్న భయం పోతే తొందర సగం పోతుంది. ఈ ఊర్లలో ప్రతి చౌరస్తా ఒకేలా ఉంటుంది కాబట్టి ఇది బాగా పనికొస్తుంది.

ఫోన్ సంగతి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 8 గంటలకు పెట్టండి, ఇంట్లో ఒకరికి కూడా పంపండి. కానీ బండి మీద "ఎక్కడున్నార్రా" అని చూసేది కాదది, ఆగినప్పుడు చూసేది. 60లో ఫోన్ వైపు 2 సెకన్లు చూస్తే 33 మీటర్లు కళ్లు మూసుకుని పోయినట్టే. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఎవరైనా పడితే 108. ఈ సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైంది, దాన్ని నడిపే ఈఎంఆర్ఐ క్యాంపస్ కూడా ఇదే మేడ్చల్ రోడ్డులో దేవరయాంజాల్ దగ్గర ఉంది. ఫోన్ చేసినప్పుడు "ఇక్కడెక్కడో పొలాల్లో" అంటే వాళ్లు ఎట్లా వస్తారు? చివరగా దాటిన ఊరి పేరు, ఎటు నుంచి ఎటు పోతున్నారో చెప్పండి. అందుకే మా దాంట్లో ప్రతి ఊరి బోర్డు దగ్గర పేరు గట్టిగా చదవడం అలవాటైంది. హెల్మెట్‌లో మనకు మనమే చదువుకోవడం, కాస్త పిచ్చిగానే ఉంటుంది. మెడ నొప్పి అంటున్నవాడి హెల్మెట్ మాత్రం లాగేయకండి. శ్వాస ఆడుతుంటే అంబులెన్స్ వాళ్లు వచ్చేదాకా అలాగే ఉండనివ్వండి.

సాయం చేస్తే పోలీస్ కేసులో ఇరుక్కుంటామని ఊర్లో కొందరు దగ్గరికి రారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 134ఏ అనే సెక్షన్ పెట్టారు. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం కూడా చేయకూడదు. మా తమ్ముడు పడినప్పుడు ముందు పరిగెత్తుకొచ్చింది ఆ వడ్ల రైతే. నీళ్లిచ్చాడు, రోడ్డు మీద పోయే బండ్లను ఆపాడు, మేం వెనక్కి తిరిగి వచ్చే దాకా వాడి పక్కనే కూర్చున్నాడు.

వచ్చే ఎపిసోడ్‌లో వానాకాలం టైర్లు: ట్రెడ్ ఎంత ఉండాలి, గాలి ఎంత పెట్టాలి. అప్పటిదాకా ఉంటా మరి.