బెల్లం పెట్టినా ఆవు ఎందుకు నీరసపడుతుంది?

ఈనిన రెండు మూడు వారాలకి ఆవు దాణా మానేస్తే పాడి రైతు గుండెల్లో రాయి పడుతుంది. పశువైద్యుడిగా నాకు తరచూ వచ్చే ఫోన్లు ఇవే. ‘బెల్లం పెడుతున్నాం సార్, అయినా లేవట్లేదు’ అంటారు. ఆవు కడుపులో ఆ బెల్లం ఏమవుతుందో తెలిస్తే సంగతి అర్థమవుతుంది.

మనం అన్నం తింటే అది చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. క్లోమం వెంటనే ఇన్సులిన్ వదులుతుంది. ఆవు లెక్క వేరు. మేత ముందు రూమెన్ అనే పెద్దపొట్టలోకి వెళ్తుంది. అక్కడి సూక్ష్మజీవులు గింజల్నీ, గడ్డినీ, బెల్లాన్నీ పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్‌గా మార్చేస్తాయి. నేరుగా రక్తంలో చేరే చక్కెర చాలా తక్కువ.

వీటిలో కీలకం ప్రొపియోనేట్. కాలేయం దాన్ని గ్లూకోజుగా మారుస్తుంది. ఇన్సులిన్ విడుదలనీ అది ప్రేరేపిస్తుంది. మొక్కజొన్న లాంటి గింజలతో ఇది పెరుగుతుంది. ఉత్త వరిగడ్డి మేస్తే ఎసిటేటే ఎక్కువ. మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలూ ఇన్సులిన్‌కి తోడ్పడతాయి.

ఈనిన కొత్తలో ఇన్సులిన్ తగ్గడం ప్రకృతి ఏర్పాటే. కండరాలకీ కొవ్వుకీ గ్లూకోజు బాగా అందాలంటే ఇన్సులిన్ కావాలి, పొదుగుకి దానితో పెద్దగా పనిలేదు. అందుకే గ్లూకోజులో ఎక్కువ భాగం పాలకే పోతుంది. లీటరు పాలకి సుమారు 70 గ్రాములు కావాలి. అంటే 15 లీటర్లిచ్చే ఆవుకి రోజూ కిలోకి పైనే! మేత చాలకపోతే ఒంట్లో కొవ్వు కరుగుతుంది. మరీ కరిగితే కాలేయం తట్టుకోలేదు, రక్తంలో కీటోన్లు పేరుకుంటాయి. అదే కీటోసిస్. గడ్డి కొరుకుతుంది గానీ దాణా ముట్టదు. పాలు తగ్గుతాయి, ఒళ్లు లాగేస్తుంది. ఇన్సులిన్ ఎక్కువ రోజులు తక్కువగా ఉంటే ఎదకి రావడమూ ఆలస్యమవుతుంది.

అందుకే నేను రైతులకి చెప్పేది ఒకటే: ఈనడానికి మూడు వారాల ముందు నుంచే దాణా కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. ఈనే నాటికి ఆవు మరీ కొవ్వెక్కి ఉండకూడదు. ఈనాక గింజలు, చెక్క మెల్లగా పెంచుతూ పచ్చిమేత, ఎండుగడ్డి తప్పకుండా వేయండి. బలం వస్తుందని ఒకేసారి బెల్లం, గింజలు కుమ్మరిస్తే పొట్టలో పులుపు పెరిగి అసలుకే మోసం. కీటోసిస్ వస్తే ప్రొపిలీన్ గ్లైకాల్ తాగిస్తాం. దాంతో గ్లూకోజూ, ఇన్సులినూ రెండూ పెరుగుతాయి. డాక్టరు చెప్పిన మోతాదు మాత్రం దాటకండి. ఈనిన ఆవు ఒక్క పూట దాణా వదిలినా ‘రేపు చూద్దాంలే’ అనుకోవద్దు, ఆ రోజే చూపించండి.