సైకిలు యాత్రకు బయలుదేరుతున్నారా? ముందు నీళ్ళ లెక్క చూసుకోండి!

పదిమంది మిత్రులు కూడి, సైకిళ్ళు వేసుకుని, రాత్రిళ్ళు గుడారాల్లో పడుకుంటూ నాలుగైదు రోజులు తిరిగిరావడం ఇప్పుడు మనవైపు కూడా సరదా అయింది. సామాను, వంట సరంజామా, మంచినీళ్ళ టిన్నులు వేసుకుని వెనకే ఒక వ్యాను వస్తుంది. ఇందుకోసం హిమాలయాల దాకా పోనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లా టెక్కలిలో బయలుదేరి, తేలినీలాపురం పక్షులనూ నౌపడా ఉప్పుమళ్ళనూ చూసుకుని, భావనపాడు, వజ్రపుకొత్తూరు మీదుగా ఉద్దానం కొబ్బరితోటల్లోంచి బారువ, కవిటి దాకా వెళ్ళి, సోంపేట, మందస మీదుగా పలాస రైలుస్టేషనుకు చేరుకోవచ్చు. రోజుకు పాతిక, ముప్ఫై కిలోమీటర్లు చాలు.

పాతిక కిలోమీటర్లేనా అని తీసిపారేయకండి. తారురోడ్డు మీద పాతిక వేరు, ఇసుక దారిలో పాతిక వేరు. ఇసుకలో చక్రం కూరుకుపోతుంది. తొక్కినంత తొక్కి, మిగతాది తోసుకుంటూ నడవాలి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పట్టిన చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. చల్లబరచడానికి శరీరం మరింత చెమట పోస్తుంది. అలా నాలుగు రోజులు వరసగా జరిగితే మొదట ఫిర్యాదు చేసేవి కాళ్ళే. కాని అసలు భారం మోసేవి ఏ ఫిర్యాదూ చెయ్యని రెండు అవయవాలు. అవి మూత్రపిండాలు.

ఉద్దానం చెప్పే పాఠం

ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలతో కళకళలాడే ఆ సీమను రెండు దశాబ్దాలకు పైగా మూత్రపిండాల జబ్బు పీడిస్తున్నది. 2019లో ప్రచురితమైన ఒక సర్వేలో, అక్కడ పరీక్షించిన పెద్దలలో నూటికి సుమారు 18 మందికి ఈ జబ్బు ఉన్నట్లు తేలింది. వారిలో ఎక్కువమందికి చక్కెరవ్యాధి గాని, మూత్రపిండాలను పాడుచేసే ఇతర జబ్బులు గాని లేవు. భూగర్భజలాలు, పురుగుమందులు, వంశపారంపర్యం, ఎండలో కాయకష్టం, నొప్పి మాత్రల వాడకం ఇలా చాలా వాటిని అనుమానించారు. కారణం ఇదమిత్థమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి మంచినీరు తెచ్చే పథకం కూడా అప్పుడే ఆరంభమైంది.

నాలుగు రోజులు సైకిలు తొక్కితే ఉద్దానం జబ్బు వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అలా రాదు. అయితే ఎండ, చెమట, చాలని నీళ్ళు, పైన ఒక నొప్పి మాత్ర - ఈ నాలుగూ కలిస్తే ఎవరి మూత్రపిండాలకైనా దెబ్బే. ఆ నాలుగూ కలిసే అవకాశం సైకిలు యాత్రలో పుష్కలంగా ఉంది.

ముందు పరీక్ష, తరువాత ప్రయాణం

యాత్రకు నెలన్నర ముందు బి.పి. చూపించుకోండి. రక్తంలో చక్కెర, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోండి. మూత్రపరీక్ష బాగుందని రక్తపరీక్ష మానేయకండి. ఉద్దానంలో కనిపించే జబ్బులో మూత్రంలో ఆల్బుమిన్ అంతగా పోకుండానే మూత్రపిండాలు పాడవుతాయి. పరీక్షకు ముందురోజు కఠినవ్యాయామం చేయకండి, మాంసం దండిగా తినకండి. రెండూ క్రియాటినిన్ అంకెను పెంచి చూపిస్తాయి. అంకె చూసి మీరే తీర్పు చెప్పుకోకుండా, వయస్సు, శరీరతత్వం తెలిసిన డాక్టరుకు చూపించండి.

బి.పి. మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోవడానికి ఇచ్చే మాత్రలు వాడేవారు యాత్ర సంగతి డాక్టరుకు చెప్పి సలహా తీసుకోవాలి. మీ అంతట మీరు మాత్ర మానేయడం అన్నిటికన్నా ప్రమాదం. ధనుర్వాతం టీకా వేయించుకుని చాలా ఏళ్ళయితే అదీ ఈ నెలలోనే వేయించుకోండి.

ఆరు వారాల అభ్యాసం

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు అరగంట, నలభై నిమిషాలు తొక్కండి. తరువాతి రెండు వారాలు ఆదివారాల్లో రెండు గంటలు మట్టిదారిలో తొక్కండి. అయిదో వారంలో శని, ఆదివారాలు రెండూ వరసగా తొక్కండి. నిన్నటి బడలిక తీరకుండా ఈరోజు మళ్ళీ సీటెక్కడమే ఇలాంటి యాత్రలోని కష్టం. శరీరానికి ఆ రుచి ముందే చూపించాలి. ఆరో వారంలో శ్రమ తగ్గించండి. ఎండ అలవాటు కావడానికి శరీరానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఏసీ గదుల్లో పనిచేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

సీటు ఎత్తు సరిచూసుకోండి. పెడల్ కిందికి వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. సీటు మరీ కిందికుంటే మోకాలి చిప్ప నొప్పి, మరీ పైకుంటే నడుం నొప్పి వస్తాయి. సగం నొప్పులు ఈ సవరింపుతోనే పోతాయి. అరచేతులు తిమ్మిరెక్కితే హ్యాండిలు మీద పట్టు మారుస్తూ ఉండండి. వెడల్పాటి టైర్లున్న సైకిలు తీసుకుని, ఇసుక వచ్చినచోట గాలి కొంచెం తగ్గించి, తేలిక గేరులో తొక్కండి. తొడలు ఒరుసుకునే చోట వాజలైన్ రాసుకోండి. చెమట బట్టలతో కూర్చోకుండా దిగగానే మార్చుకోండి. హెల్మెట్ ఇసుకలోనూ అవసరమే.

వాతావరణం సంగతి. ఆ తీరానికి అక్టోబరు, నవంబరు తుపాను నెలలు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గరే తీరం దాటి తోటలను నేలమట్టం చేసింది. ఏప్రిల్, మే నెలల ఎండ ఉక్కపోతతో కలిసి మరీ కఠినం. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అప్పుడైనా పొద్దున్న ఆరున్నరకు బయలుదేరి పదకొండు గంటలకల్లా నీడ పట్టాలి. మళ్ళీ మూడున్నర దాటాక ఒక గంట, గంటన్నర చాలు.

నీళ్ళ లెక్క ఎలా?

ఎన్ని నీళ్ళు తాగాలి? ఒకరికి సరిపోయింది మరొకరికి సరిపోదు. మీ లెక్క మీరే కట్టుకోవచ్చు. అభ్యాసంలో ఒకరోజు తొక్కే ముందు, గంట తొక్కాక ఒళ్ళు తుడుచుకుని బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే సుమారు లీటరు నీరు పోయినట్లు. మధ్యలో తాగింది దానికి కలుపుకోండి. మీకు గంటకు పట్టే చెమట ఎంతో తెలిసిపోతుంది. యాత్రలో దానికి దగ్గరగా, కొంచెం కొంచెంగా, పావుగంటకోసారి తాగుతూ పోవాలి. తాగడానికి మనిషికి రోజుకు ఐదారు లీటర్ల చొప్పున వ్యానులో ఉండాలి. వంటకు, కడుగుకోవడానికి వేరే. దారిలో కనిపించిన బోరునీళ్ళతో సీసాలు నింపకండి.

మీరు సరిగ్గా తాగుతున్నారో లేదో మూత్రమే చెబుతుంది. లేత పసుపు రంగు ఉంటే సరే. ముదురు పసుపైతే తాగాలి. నాలుగైదు గంటలైనా మూత్రం రాకపోతే ఆ పూట సైకిలు దిగాలి. టీ డికాక్షను రంగులో వస్తే కండరాలు చితికి ఆ పదార్థం మూత్రపిండాల్లోకి వస్తోందన్న మాట. తెల్లారనిద్దాం అనుకోకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అలాగని వట్టి నీళ్ళు గటగటా తాగేయడమూ తప్పే. 2002లో అమెరికాలో బోస్టన్ మారథాన్ పరుగెత్తినవారిలో 488 మందికి రక్తపరీక్ష చేస్తే నూటికి 13 మందికి రక్తంలో సోడియం తగ్గి ఉంది. తాగవలసినదానికన్నా ఎక్కువ తాగడమే ముఖ్యకారణం. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉప్పు కూడా తిరిగి రావాలి. ఇందుకు మన మజ్జిగ, చోడి అంబలి, ఉప్పు వేసిన గంజి మేలైనవి. ఓ.ఆర్.ఎస్. పొట్లం మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ వేలమందిని ఈ ఉప్పు, చక్కెర నీళ్ళతోనే కాపాడారు. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి.

ఉద్దానం వెళ్ళి కొబ్బరిబొండం తాగకుండా ఎలా వస్తాం? ఆరోగ్యవంతులు నిక్షేపంగా తాగవచ్చు. కాని కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో అది బయటకు పోక గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ముందు పరీక్ష చేయించుకోమన్నది ఇందుకు కూడా. దారిలో ఆతిథ్యమిచ్చిన ఇంట్లో కిడ్నీ రోగి ఉంటే, బలానికి మంచిదని వారిచేత బొండాలు తాగించకండి.

తిండికి చద్దన్నం, అరటిపండు, పలాస జీడిపప్పు, బెల్లంముక్క ఉంటే చాలు. రాత్రికి వేడివేడి అన్నం, పప్పు, గుడ్డు. తీరంలో కొన్న చేపలు అప్పటికప్పుడు బాగా ఉడికించి తినండి. వండేవారు, తినేవారు సబ్బుతో చేతులు కడగాలి. విరేచనాలు పట్టుకున్నవారికి ఆ రోజు సైకిలు లేదు.

నొప్పి మాత్ర జోలికి పోవద్దు

రెండోరోజు సాయంత్రం అందరికీ ఒళ్ళు నొప్పులే. మందుల షాపులో అడిగితే డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో, ఇబుప్రొఫెనో ఇచ్చేస్తారు. ఊళ్ళో వైద్యుడైతే సూది వేస్తాడు. వద్దనండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం తగ్గకుండా శరీరం కొన్ని పదార్థాలను తయారుచేసుకుంటుంది. ఈ మాత్రలు సరిగ్గా వాటినే అడ్డుకుంటాయి. రోజుల తరబడి సాగే దూరపు పరుగుపందాలలో, 80 కిలోమీటర్ల దశ మీద చేసిన పరిశోధన ఒకటి 2017లో వెలువడింది. ఇబుప్రొఫెన్ మింగినవారిలో సుమారు సగంమందిలో, ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో మూడోవంతు మందిలో మూత్రపిండాలు దెబ్బతిన్న సూచనలు కనిపించాయి. మాత్ర లేకపోయినా ముప్పు ఉంది. మాత్ర దానిని పెంచేలా ఉంది.

నొప్పికి విశ్రాంతి, చన్నీళ్ళ గుడ్డ, మర్దన మంచివి. తప్పకపోతే పారాసెటమాల్, చెప్పిన మోతాదులో మాత్రమే. మందుల పెట్టెలో ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, దూది, కట్టుగుడ్డ, అయోడిన్ మందు, మీరు రోజూ వాడే మాత్రలు ఉంచండి. నొప్పి మాత్రలను పెట్టెలోకే రానివ్వకండి.

గుడారం ఎక్కడ?

జీడితోట నీడ చూసి మోజుపడకండి. ఉద్దానం తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో ఒకరు మరణించారు, పలువురు గాయపడ్డారు. అందుకని ఊరిని ఆనుకుని, పెద్దల అనుమతితో బడి ఆవరణలో దిగడం మంచిది. చీకటి వేళ, తెల్లవారకముందు తోటదారుల్లో తొక్కవద్దు. ఒంటరిగా ముందుకు పోవద్దు. తిండి మిగిలితే గుడారంలో ఉంచవద్దు.

కట్లపాము రాత్రివేళ నేలమీద పడుకున్నవారిని కాటేస్తుంది. గుడారం జిప్పు పూర్తిగా మూసుకోండి. బయటికి వెళితే టార్చి, బూట్లు తప్పవు. కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం చేయకుండా, కదలనివ్వకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చండి. ఎలుగు గాని, కుక్క గాని కరిస్తే గాయాన్ని సబ్బునీళ్ళతో పావుగంట కడిగి, రేబిస్ టీకాకు అదేరోజు వెళ్ళండి. బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోట గాని, మరే మొగ దగ్గర గాని సైకిలెత్తుకుని నీళ్ళలోకి దిగకండి. వెనక్కి వచ్చి వంతెన మీదుగా వెళ్ళండి.

వ్యాను ఎందుకు?

వ్యాను సామాను కోసం అనుకుంటారు చాలామంది. కాదు. అది అలసినవారి కోసం. తలనొప్పి, వాంతి, కాళ్ళు పట్టేయడం, మాట తడబడటం కనిపించినవారు ఎక్కితీరాలి. మాట తడబడి, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్ళు పోసి విసరండి, 108ని పిలవండి. స్పృహలో లేనివారి నోట నీళ్ళు పోయకండి. బయలుదేరేముందే ఒకరిని పెద్దగా ఎన్నుకోండి. ఆయన ఎక్కమంటే ఎక్కాలి. వ్యాను ఎక్కడం పరువు తక్కువ అనుకునేవారిని యాత్రకు తీసుకుపోకపోవడమే మంచిది.

మధ్య అమెరికాలోని నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు కొట్టే కూలీలకు ఇలాంటి అంతుపట్టని కిడ్నీ జబ్బే వస్తుంటే, అక్కడ నీళ్ళు, నీడ, విశ్రాంతి అనే పద్ధతి మొదలుపెట్టారు. పనివేళల్లో ఇన్ని గంటలకోసారి ఆపాలి, నీడ ఉండాలి, నీళ్ళు అందాలి. మీకు పైన చెప్పినవీ ఈ మూడే. మీరు నాలుగు రోజులు సరదాకు ఎండలో తిరిగి ఇంటికి వస్తారు. కొబ్బరిచెట్లకు పాదులు తవ్వే మనిషికి వెనకాల వ్యాను రాదు. మీకు తోట ఉంటే, పనివాళ్ళకు బిందెడు చల్లని నీళ్ళు, మధ్యాహ్నం నీడన రెండు గంటల విశ్రాంతి ఇవ్వండి. నడుం నొప్పికి రోజూ మాత్ర మింగే తల్లో తండ్రో ఇంట్లో ఉంటే, మీ క్రియాటినిన్ పరీక్షకు వెళ్ళేరోజు వారినీ వెంటబెట్టుకు వెళ్ళండి.